సగం ఖాళీగా కొన్న పెట్టె

నేను ఒక కంప్యూటరు పెట్టెను. నన్ను అందరూ సీపీయూ అంటారు. నిజానికి అది నా లోపల బిగించిన బిస్కెట్టంత ముక్క పేరు. నా ఎదురుగా వెలిగే తెరనేమో కంప్యూటరు అంటారు. పనంతా నాది, పేరు దానిది. చాలా ఇళ్లలో కూడా వ్యవహారం ఇలాగే నడుస్తుందని తర్వాత చూసి తెలుసుకున్నాను కాబట్టి ఆ బాధ ఎప్పుడో మానుకున్నాను.

ఇప్పుడు నేను జమ్మికుంటలో ఒక వీడియో మిక్సింగ్ దుకాణం సజ్జ మీద ఉన్నాను. పక్కన పాత లైటు స్టాండ్లు, వైరు చుట్టలు ఉన్నాయి. కింద బల్ల మీద నా తర్వాత వచ్చిన యంత్రం పనిచేస్తోంది. దుకాణానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ మా యజమానిని ఒక ప్రశ్న అడుగుతుంటారు. కంప్యూటరు కొంటే అన్నీ వేయించి నిండుగా కొనాలా, చిన్నది కొని మెల్లగా మనమే పెంచుకోవాలా అని. మా యజమాని మనోహరాచారి ఒకప్పుడు ఈ ప్రశ్నకు అడిగినవాడు నోరు మూయకముందే జవాబిచ్చేవాడు. ఇప్పుడు సజ్జ మీదికి ఓసారి చూసి, "నీకేం పనుందో ముందు జెప్పు" అంటాడు. ఆయన అలా ఎందుకు మారాడో చూసినదాన్ని నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారా? ఈ కథలో తెగింది నా లోపలే. అందుకే చెబుతున్నాను.

నా రేకు ఒక దేశంలో వంచారు, పలక ఇంకో దేశంలో అచ్చువేశారు, పంఖా మరెక్కడో చుట్టారు. మేమంతా హైదరాబాదులో ఒక దుకాణం అద్దాల బల్ల మీద మొదటిసారి కలుసుకున్నాం. అక్కడికి మనోహరాచారి తన బావమరిది సుదర్శనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సుదర్శనం పట్నంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పనిలో ఉన్నాడు. అందుకే అక్క సుగుణ, "మా తమ్ముణ్ని అడగకుండ ఏదీ కొనొద్దు" అని మొగుణ్ని హెచ్చరించి పంపింది. మొగుడు అడిగాడు. అడిగి, ఆ మాట వినలేదు.

"బావా, నీది వీడియో పని. అది జాగను మేక ఆకు మేసినట్టు మేస్తది. ఒక్కపారే పెద్ద డిస్కు ఏపిచ్చుకో, నిండుగ తీస్కపో. ఏ రందీ ఫికరూ ఉండది" అన్నాడు సుదర్శనం.

"అవతల్నుంచి నింపిచ్చుకున్న దాంట్ల ఏమున్నదో నాకేమెరుక? మా నాయిన బాడిసెకు కామ ఎవలతోనన్న ఏపిచ్చుకున్నడా? పనిముట్టు అన్నంక ఎవలిది వాళ్లే అమర్చుకోవాలె" అన్నాడు మనోహరాచారి. ఆయన తండ్రి, తాత బాడిసెతో కర్ర చెక్కి బండి చక్రాలు చేసినవాళ్లు. ఆ ఇంట్లో రెడీమేడ్ అన్న మాట తిట్టుతో సమానం.

"ఇది బాడిసె కాదు బావా."

"ఇల్లు గట్టినోడు పిల్లర్ల మీద సువ్వలు ఎందుకు ఇడిసిపెడ్తడు? రేపు పైన ఏసుకునేందుకు. గిదీ గంతే. ఖాళీ జాగలున్నయి. ఒక్కొక్కటి నేనే ఏస్త."

"సువ్వలు ఇడిసిన ఇండ్లు మనూర్ల శానా ఉన్నయి. పైన ఇల్లు లేసినయి ఎన్నున్నయో నువ్వే సెప్పు."

దుకాణంవాడు నవ్వాడు. మనోహరాచారి నవ్వలేదు. అలా నేను చిన్న డిస్కుతో, చాలీచాలని మెమరీతో, లోపల ఖాళీ గడులతో అమ్ముడుపోయాను. నా పక్క రేకు మీద ఒక కాగితపు సీలు అంటించి, అది చిరిగితే గ్యారంటీ పోయినట్టేనని చెప్పారు. ఇంటికి చేరిన పొద్దే ఆయన గోటితో ఆ సీలు గీకేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గాని, కొందరికి అడుసు తొక్కనిదే ఆ నేల తమదనిపించదు.

ఆయన వాదంలో న్యాయం లేదని నేను అనను. దుకాణాల్లో నింపి ఇచ్చే పెట్టెల్లో అక్కరకు రానివి బోలెడు ఉంటాయి. ఈ ఏడు కొన్నది వచ్చే ఏడు సగానికి దొరుకుతుంది. పైగా తన చేత్తో విప్పి బిగించుకున్న యంత్రాన్ని మనిషి చూసే చూపే వేరు. నెలకోసారి నా పక్క రేకు తీసి, దూది చుట్టిన పుల్లతో పంఖా రెక్కలు తుడిచేవాడు. నిండుగా కొన్న యంత్రాలకు ఆ భోగం ఎక్కడిది? సుదర్శనం వాదంలోనూ న్యాయం ఉంది. రేపు వేస్తానన్న మనిషికి రేపు వంద పనులు ఉంటాయి.

మొదటి దసరాకు మాత్రం ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కొత్త మెమరీ పలక ఒకటి కొనుక్కొచ్చాడు. ఆయుధపూజ నాడు తండ్రి ఉలులు, బాడిసె, కెమెరా, నేను, అన్నీ వరసగా పీట మీద కూర్చున్నాం. సుగుణ అన్నిటికీ పసుపు కుంకుమలు పెడుతూ, ఆ కొత్త పలకకు కూడా తడి గంధం మీద ఎర్రటి బొట్టు పెట్టింది. ఎక్కడ పెట్టాలో తెలియక, అందంగా ఉందని దాని అంచున బంగారు రంగు పళ్ల మీదే పెట్టింది. ఆ పళ్లతోనే అది నన్ను కరిచి పట్టుకోవాలి. మర్నాడు మనోహరాచారి దండం పెట్టుకుని దాన్ని నాలో దిగగొట్టాడు. నేను లేవలేదు. కుయ్యి కుయ్యిమని మూలుగుతూ ఉండిపోయాను. ఆయన దుకాణంవాణ్ని తిట్టాడు, బావమరిదిని తిట్టాడు, ఆఖరికి పలక పీకి చూసి తలపట్టుకున్నాడు. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు పెట్టి ఆ పళ్లు రుద్దాక గాని నాకు ప్రాణం రాలేదు. "దేవుడికి భక్తి గూడ అడ్డమొస్తదా?" అని సుగుణ చాలాకాలం ఆశ్చర్యపోయింది.

ఇక పెద్ద డిస్కు సంగతి. అది వచ్చే సీజనుకు వాయిదా పడింది. ఆ సీజను వచ్చాక ఇంకో సీజనుకు.

మిక్సింగ్ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పెళ్లిలో తీసిన క్యాసెట్లన్నీ నాలోకి ఎక్కిస్తారు. గంటల తరబడి పెళ్లి నా డిస్కులోకి దిగుతుంది. తర్వాత మనోహరాచారి, సుగుణ కూర్చుని దాన్ని కోస్తారు. తల తెగినవి, చీకటి పడినవి, వంటవాళ్లు పోట్లాడుకున్నవి 'వేస్టు' అని పక్కన పడేస్తారు. పెళ్లికూతురు ముఖం చుట్టూ గులాబీలు తిప్పుతారు, పెళ్లికొడుకును హృదయం బొమ్మలోంచి బయటికి తీస్తారు. చివరగా అసలు శబ్దం మొత్తం తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరుస్తారు. అది మా వృత్తి ధర్మం. పెళ్లిలో జనం మాట్లాడిన మాటలు ఎవరు వింటారు? సుగుణ ఒకసారి, "అప్పగింతలప్పుడన్న మాటలు ఉంచరాదయ్యా, అందరు ఏడ్సేది ఇనవడద్దా?" అంది. "ఏడుపు సీడీల ఎవడు సూస్తడే" అన్నాడాయన. సీడీలు పెళ్లివారికి అందగానే, నాలో చోటు కోసం అసలు పెళ్లినంతా తుడిచేసేవాడు. క్యాసెట్లు ఇంకో పెళ్లికి పోయేవి. పెద్ద డిస్కు ఉంటే తుడవాల్సిన పనే ఉండేది కాదు.

అలా ఎందరో పెళ్లికూతుళ్లు నాలోకి వచ్చి వెళ్లిపోయారు. ఓదేలు కూతురు మమత వాళ్లలో ఒకతె.

ఓదేలు పత్తి మార్కెట్లో కాంటా దగ్గర బస్తాలు తూచే మనిషి. భార్య ఎప్పుడో పోతే, కూతుర్ని తానే జడలు వేసి పెంచాడు. ఆ పిల్ల పెళ్లి వైశాఖంలో జరిగింది. ఆ ఏడు ఆ వెంటనే మూఢం వచ్చింది, దాని వెనకే ఆషాఢం, శ్రావణంలోనూ ముహూర్తాలు పడలేదు. సీజనులో అదే ఆఖరి పెళ్లి. అందుకని మనోహరాచారి తీరిగ్గా కోశాడు, గులాబీలు మామూలు కన్నా ఎక్కువే తిప్పాడు. ఆ పిల్ల పళ్లన్నీ కనబడేలా నవ్వేది. నవ్వుతూనే ఎవరి కోసమో పక్కకు చూసేది. ఓదేలు సీడీలు పట్టుకుపోయి సంబరపడ్డాడు. మమత సుల్తానాబాదు కాపురానికి వెళ్లింది. నాలోంచి ఆమె పెళ్లిని తుడిచేశారు.

శ్రావణం ముసురులో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వారం తిరగకముందే పోయింది.

నేను యంత్రాన్ని. నాకు చావు తెలియదు, ఆగిపోవడమే తెలుసు. కాని ఆ వార్త విన్న రోజు సుగుణ నా ముందు కూర్చుని, పని చేయకుండా, తెర మీద ఏమీ లేకుండానే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల నవ్వును ముక్క ముక్కా కోసి అతికిన చేతులు ఆమెవి. నాకు ఆ రోజు మనుషుల మీద జాలి వేసింది.

దినాలు అయిపోయాక ఓదేలు దుకాణానికి వచ్చాడు. చేతిలో సీడీ కవరు ఉంది. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"చారీ, గీ సీడీల ఏదో కరాబున్నది. నా బిడ్డ నోరు కదుల్తాంటది గని పాట ఇనవడ్తది. ఆ పాట తీసేసి ఇయ్యి. బిడ్డ గొంతు ఇందామని."

ఆ రోజుల్లో మా ఊళ్లో ఫోన్లంటే మాట్లాడి పెట్టేసేవే గాని, గొంతులు దాచుకునేవి కావు. ఆ పిల్ల గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ సంగతి మనోహరాచారికీ, సుగుణకూ, నాకూ ఒకేసారి అర్థమైంది. మనోహరాచారి ముఖం పాలిపోయింది. "కూసో కాకా" అన్నాడు గాని తానే లేచి నిలబడ్డాడు. "రేపు రా, సూసి జెప్త" అని పంపేశాడు.

ఓదేలు గడప దాటగానే ఆయన అంగీ వేసుకుని కరీంనగర్ బస్సెక్కాడు. సాయంత్రానికి పెద్ద డిస్కు ఒకటి పట్టుకొచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఇన్నేళ్లూ రేపు రేపు అన్న వస్తువు ఆ ఒక్కరోజులో వచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని, నా పక్క రేకు విప్పి, తుడిచేసినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేరు సీడీ ఎవరి దగ్గరినుంచో తెచ్చి నాలో పెట్టబోయాడు.

ఇక్కడ నా ఒంటి రహస్యం ఒకటి చెప్పాలి. మీరు నాలో ఏదైనా తుడిచేస్తే అది వెంటనే పోదు. డబ్బా మీద అంటించిన చీటీ చింపేసినట్టు, అంతే. లోపల బియ్యం అలాగే ఉంటాయి. ఆ డబ్బాలో ఇంకొకటి పోసినప్పుడే అవి పోతాయి. మమత పెళ్లి తర్వాత మూఢం పుణ్యమా అని నాలో పెద్దగా ఏమీ పోయలేదు. ఒక ఓణీల ఫంక్షను, ఒక సభ, అంతే. వాటిని ఆ పెళ్లి క్యాసెట్ల మీదే తీశారు కాబట్టి క్యాసెట్లలో ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల గొంతు నాలో మాత్రం కొంత ఉంది. మనోహరాచారి ఆ సాఫ్ట్‌వేరును నా పాత డిస్కులోనే ఎక్కిస్తే అది నేరుగా ఆ గొంతు మీదే పడొచ్చు. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

సుగుణ ఆయన చెయ్యి పట్టుకుంది. "మా తమ్మునికి ఒక్క ఫోను జేస్తే మీ నోట్లకెల్లి ముత్యాలు రాల్తయా?"

ఆయన ఏళ్ల తరబడి ఆ బావమరిదిని ఆట పట్టించిన మనిషి. నిండుగా కొనుక్కున్నోడు, నిండుకున్నాక ఏడుస్తాడు అని పండగ పండక్కీ నవ్వినవాడు. స్క్రూడ్రైవరు చేతిలో పెట్టుకుని కాసేపు నా లోపలికి చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

సుదర్శనం ఎత్తిపొడవలేదు. అందుకు ఆ మనిషిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. జరిగింది విని, "బావా, ముందుగాల కంప్యూటర్ బంద్ జెయ్యి. పాత డిస్కు మీద ఒక్క అక్షరం గూడ పడొద్దు. పొద్దుగాల బస్సుకు వస్తున్న" అన్నాడు. ఆగి, "కొత్త డిస్కు పెట్టే జాగ ఉన్నదా దాంట్ల?" అని అడిగాడు.

"ఉన్నది" అన్నాడు మనోహరాచారి. "ఖాళీ జాగలకేం కొదువలేదు."

మర్నాడు ఓదేలు వచ్చేసరికి నేను బల్ల మీద పొట్ట విప్పుకుని ఉన్నాను. బావ మరలు విప్పుతున్నాడు, బావమరిది వైర్లు కలుపుతున్నాడు. ఓదేలు గుమ్మంలో ఆగిపోయాడు. మనోహరాచారి లేచి ఎదురు వెళ్లాడు.

"కాకా, నీకు అబద్ధం జెప్ప. నీ బిడ్డ మాటలు నేనే తుడిసేసిన. దీంట్ల జాగ లేకుండె."

ఓదేలు నా వంక చూశాడు. నా లోపల పైనుంచి కిందిదాకా వరసగా ఖాళీ గడులు. "జాగ లేకపోవుడేంది చారీ?" అన్నాడు. "గింత ఖాళీ ఉండంగ."

మనోహరాచారి తల వంచుకున్నాడు. ఓదేలు కోపంతో అనలేదు. బస్తాలు తూచే మనిషి, కళ్లకు కనబడ్డదే అడిగాడు. అడిగి, బెంచీ మీద కూర్చున్నాడు.

కొత్త డిస్కు మీద నేను లేచాను. పాత డిస్కును ఊరికే చదవడానికి మాత్రమే పక్కన కట్టారు. అందులో అడుగున పడి ఉన్నదంతా తవ్వి కొత్తదానిలోకి పోయడం మొదలుపెట్టాను. నా జీవితంలో అంత భయంగా ఏ పనీ చేయలేదు. వచ్చినవి వచ్చినట్టు పేర్లు లేని తునకలు. సభలో ఎవరో అరుస్తున్న తునక. ఓణీల ఫంక్షనులో ఐస్‌క్రీము. మమత ముఖం, కాని శబ్దం లేదు. శబ్దం ఉన్నచోట డప్పులు. పంతులు మంత్రాలు. ఎవరో ఆడవాళ్లు పప్పులో ఉప్పు తగ్గిందని అనుకోవడం. సుగుణ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కో తునకా వింటూ ఉంది. తునక మారినప్పుడల్లా ఓదేలు ఆమె ముఖం చూసేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఓదేలు ఆ రోజు కాంటా దగ్గరికి పోలేదు. ఆ మర్నాడు కూడా పోలేదు. సుగుణ అన్నం పెడితే తిన్నాడు, టీ ఇస్తే తాగాడు. ఏమీ అడగలేదు. దుకాణానికి వచ్చిన గిరాకీని మనోహరాచారి గుమ్మంలోంచే పంపేశాడు.

తునకలు తరిగిపోతున్నాయి. ఇక మిగిలింది కొంచెమేనని సుదర్శనం బావ చెవిలో అన్నాడు. మనోహరాచారి బయటికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఉన్నట్టుండి సుగుణ చెయ్యి పైకెత్తింది. హెడ్‌ఫోన్లు తీసి, వైరు పీకి, పెద్ద స్పీకరు పెట్టింది. "కాకా, ఇటు రా" అని ఓదేలును పిలిచింది.

అది 'వేస్టు' అని వాళ్లే పక్కన పడేసిన ముక్క. సీడీలో ఎక్కడా లేదు. తెర మీద పెళ్లిపందిట్లో ఓదేలు కనబడ్డాడు, కొత్త పంచెలో, ఎర్రబడ్డ కళ్లు నలుపుకుంటూ. అతని ముఖం మీద తెల్లగా వీడియో లైటు. అవతలినుంచి, తెరలో కనబడకుండా, ఒక ఆడపిల్ల గొంతు గట్టిగా పలికింది.

"ఓ వీడియో అన్నా, గా లైటు మా బాపు మొకం మీద కొట్టకు. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది ఆయనకు."

"ఒక్క నిమిషం చెల్లె, బాపు మంచిగ పడాలె గద" అంది కెమెరా వెనక మనోహరాచారి గొంతు.

"పడకున్నా మంచిదే. తియ్యి అవుతలికి."

లైటు పక్కకు తిరిగింది. తెర అంతా చీకటైపోయింది. అందుకే అప్పుడు దాన్ని పనికిరాదని కోసేశారు. చీకట్లో గాజుల చప్పుడు దగ్గరికి వచ్చింది. పెళ్లిపీటల మీదినుంచి లేచి వచ్చిందో, వంగిందో తెలియదు. గొంతు మాత్రం ఈసారి మెల్లగా, పక్కనే ఉన్నట్టు వినబడింది.

"ఇప్పుడు సల్లగున్నదా బాపూ?"

తునక అక్కడితో తెగిపోయింది. అవతల ఓదేలు ఏమని జవాబు చెప్పాడో దాని మీద ఆ సభ వచ్చి పడింది. అది ఇక దొరకదని నాకు తెలుసు, సుదర్శనానికి తెలుసు.

మనోహరాచారి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఓదేలు తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. నల్లటి తెరకేసి కొంచెం ముందుకు వంగాడు.

"సల్లగున్నది బిడ్డా" అన్నాడు.